కూరగాయల సంచీతో నిరసనకు

మా పెద్దబావగారు ఉపాధ్యాయ సంఘంలో దశాబ్దాలు పని చేసి, ఉద్యమాల్లో సస్పెన్షన్లు, కేసులు చూసి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న మనిషి. ఈ మధ్య ఒక పెళ్లిలో కలిసినప్పుడు, మా కాలనీవాళ్లం కుంటను కాపాడుకోవడానికి నెలకొక ఆదివారం కట్ట మీద నిలబడుతున్నామని చెప్పాను. ఆయన ఓపికగా అంతా విని, చివరికి ఒక మాట అన్నారు: "పొద్దుగాల రెండు గంటలు నిలవడ్తరు, పోతపోత కూరగాయలు కొనుక్కొని ఇంటికి పోతరు. దీంతోని ఎవరికి నొప్పయింది బామ్మర్దీ? నొప్పి లేని ధర్నాను ఎవడు పట్టించుకుంటడు?"

విందులో ఆ చర్చ అక్కడే ఆగిపోయింది గాని ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఆయన ఊరికే తీసిపారేసే మనిషి కాదు. ధర్నా చేయడమంటే ఏమిటో ఒళ్లొంచి తెలుసుకున్నవాడు. అందుకే నా అభిప్రాయాన్ని ముందుగా చెప్పి, ఆ తర్వాత దానికి ఎదురొచ్చే మాటలన్నిటితో తలపడదామని ఇది రాస్తున్నాను. నల్లగొండ లాంటి ఊళ్లో సెలవు రోజున, ఇంటి పనుల నడుమ, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, కాస్త సంతోషంగా కూడా జరిగే నిరసన ఒకటి ఉండాలని నేను నమ్ముతున్నాను. పెద్ద పోరాటం చేయలేక సరిపెట్టుకునే ఏర్పాటుగా నేను దాన్ని చూడటం లేదు. కొన్ని పనులు దానివల్ల మాత్రమే అవుతాయని ఈ కొద్ది నెలల్లో కళ్లారా చూశాను.

కట్ట మీద ఒక పూట

నేను చెప్తున్న కుంట పట్టణం అంచున ఉంది. పానగల్లు ఉదయసముద్రం లాగా పేరున్నది కాదు. వానాకాలంలో నిండి, శివరాత్రి దాటితే అడుగంటే మామూలు కుంట. రికార్డుల్లో అది శిఖం భూమి, అంటే నీళ్లు నిలిచే చెరువు గర్భం. 10 హెక్టార్లకు లోపుండే కుంటలకు ఎఫ్‌టీఎల్ హద్దు (కుంట పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే గీత) నుంచి 9 మీటర్ల దాకా, బఫర్ అనే ఆ పట్టీలో, ఏ కట్టడమూ రాకూడదని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెప్తున్నాయి. 2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ వచ్చిన దగ్గరి నుంచి ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు మా వీధి టీ కొట్టులో కూడా వినబడుతున్నాయి. అయినా రాత్రి పదకొండు దాటాక ట్రాక్టర్లు వచ్చి, కూలగొట్టిన ఇళ్ల గోడపెళ్లలు, పగిలిన టైల్సు, పాత సిమెంటు రేకులు కుంటలో కుమ్మరించి వెళ్లడం ఆగలేదు. ఒక మూల నీళ్లు నిలిచే చోటు ఇప్పటికే గట్టినేల అయింది.

మా తాగునీరు కృష్ణ నుంచి వస్తుంది కనుక కుంటతో ఏం పని అని అడిగేవాళ్లు ఉన్నారు. పుట్టంగండి దగ్గర సాగర్ నీటిని ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా ఉదయసముద్రానికి తెచ్చుకుంటున్న మాట నిజమే. కాని ఇంట్లో మిగతా వాడకమంతా బోరు మీదే నడిచే ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. కుంట నిండితే ఆ బోర్లలోకి నీరు దిగుతుంది. కుంట పోతే బోరును ఇంకా లోతుకు దించుకోవాలి. రాతి పొరల్లో ఎక్కువ కాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుందని ఈ జిల్లాలో చదువురాని వాళ్లకు కూడా ఎవరూ చెప్పనక్కరలేదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు వంగిపోయిన కాళ్లను, బిగుసుకుపోయిన మెడలను చూసి పెరిగినవాళ్లం. ఒక చిన్న కుంట గురించి ఇంత ఆరాటం ఎందుకంటే ఇందుకే.

మేం నిలబడే ఆదివారం ఎలా ఉంటుందో కొంత వివరంగా చెప్పాలి. ఎందుకంటే బావగారి అభ్యంతరమంతా ఆ ఆదివారపు హాయి మీదే ఉంది. మొన్నటిది మార్గశిర మాసపు ఉదయం. మంచు విడిచాక దూరాన లతీఫ్ సాహెబ్ గుట్ట తేటగా కనిపించింది. ఏడున్నర కల్లా ఒక్కొక్కరే రావడం మొదలైంది. పిల్లలు ముందురోజు రాత్రి అట్టల మీద రంగులతో రాసుకొచ్చిన పలకలు పట్టుకున్నారు. రిటైరైన లైన్‌మన్ ఒకాయన తన చిన్నప్పుడు ఈ కుంటలో ఈత నేర్చుకున్న చోటును మనవరాలికి చూపించాడు. కొందరు సంచులు తెచ్చి, కట్ట వెంట పడి ఉన్న ప్లాస్టిక్‌ను ఏరారు. నినాదాలు పెద్దగా ఇవ్వలేదు. ఎవరో ఫ్లాస్కులో తెచ్చిన చాయ్ అందరికీ వచ్చింది. తొమ్మిదిన్నరకు ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. నేను జొన్నలు గిర్నీలో పోసి, అమ్మకు బీపీ గోలీలు తీసుకుని, అబ్బాయి సైకిలుకు బ్రేకు వేయించి, మటన్ దుకాణం దగ్గర వరుసలో నిలబడ్డాను. ఆ వరుసలో నాకు ముందున్న ఇద్దరూ కట్ట మీద నుంచే వచ్చారు. మా మాటలు కుంట గురించే సాగాయి. వెనక ఉన్నవాళ్లు ఏమిటని అడిగారు, చెప్పాం. దుకాణం యజమాని కత్తి ఆపి, ఏ కుంట సార్ అన్నాడు.

అది హాయిగా ఉన్న పూట అని ఒప్పుకోవడానికి నాకు సంకోచమేమీ లేదు. ఆ హాయి వల్లనే పిల్లలు తర్వాతి నెల ఎప్పుడని అడుగుతున్నారు.

సెలవు రోజున వినేదెవరు?

బావగారి ప్రశ్నకు మరో ముఖం ఉంది. ఆదివారం కలెక్టరేట్ మూసి ఉంటుంది, మున్సిపల్ ఆఫీసు మూసి ఉంటుంది. అర్జీ పెట్టే ప్రజావాణి సోమవారం. వినవలసిన అధికారి లేని రోజున నిలబడితే ఎవరికి వినిపిస్తున్నట్లు?

దీని మీద నేను చాలా ఆలోచించాను. సోమవారం పొద్దున ప్రజావాణి వరుసలో నిలబడాలంటే కూలికి పోయే మనిషి ఆ రోజు కూలి వదులుకోవాలి. దుకాణంలో గుమస్తా సెలవు అడగాలి. బడి వంట చేసే అక్క అసలు రాలేదు. అంటే అధికారికి అనువైన రోజున నిరసన పెట్టుకుంటే, వచ్చేవాళ్లు పెన్షనర్లు, పార్టీలవాళ్లు, నాలాంటి కొద్దిమంది. వాళ్లు ఎంత గట్టిగా మాట్లాడినా, ఇది ఊరి మాట అని చెప్పడానికి చాలదు. ఆదివారం నిరసనను ముందుగా వినేవాడు పక్కింటి మనిషి. రాత్రిపూట ట్రాక్టరు చప్పుడు విని కూడా తలుపు తీయని మనిషి, మనకెందుకులే అని తిరిగి పడుకున్న మనిషి, ఒక్కోసారి ఆ ట్రాక్టరును కిరాయికి పిలిచిన మనిషి. కుంట పూడిపోతున్నది అధికారి కన్నెత్తి చూడకపోవడం వల్ల ఎంతో, ఈ మనుషుల మౌనం వల్ల కూడా అంతే.

ఇక్కడ ఒక చిన్న సంఘటన చెప్పాలి. ఒక ఆదివారం మేం నిలబడి ఉండగా ఖాళీ ట్రాక్టరు ఒకటి కట్ట పక్క నుంచి పోతూ ఆగింది. నడిపే కుర్రవాడికి ఇరవై రెండేళ్లకు మించి ఉండవు. పలకలన్నీ చదివి, కిందికి దిగి, కొంచెం బెరుకుగానే అడిగాడు: "మరి యాడ పొయ్యమంటరు సార్? ఇల్లు కూలగొట్టినోడు ఎత్తుకపొమ్మంటడు. జాగ మీరే చూపియ్యున్రి." మాలో ఒకరిద్దరు అతడి మీదికి లేవబోయారు. లైన్‌మన్ పెద్దాయన వాళ్లను ఆపి, ఆ కుర్రవాడిని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. అరగంట మాట్లాడాక తెలిసిందేమిటంటే, పట్టణంలో కూల్చిన మట్టి పోయడానికి ఫలానా చోటు అని అతడికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. దూరం వెళ్తే డీజిలు ఖర్చు ఓనరు ఇవ్వడు. కుంట దగ్గర, చీకటి, అడిగేవాడు లేడు.

నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల మీద 2016లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఆ వ్యర్థాలను ఎక్కడికి చేర్చాలో చోటు చూపవలసిన బాధ్యత స్థానిక సంస్థలదని అందులోనే చెప్పారు. మా పలకల మీద అప్పటిదాకా "కుంటలో మట్టి పోయొద్దు" అని మాత్రమే ఉండేది. ఆ రోజు తర్వాత "మట్టి పోయడానికి చోటు చూపండి" అన్నది కూడా చేరింది. పోలీసు వ్యాను, తోపులాట, నినాదాల హోరు ఉన్న చోట ఆ కుర్రవాడు బండి ఆపేవాడా? ఆపి ఆ ప్రశ్న అడిగేవాడా? ఎదుటి పక్షమనుకున్న మనిషి దగ్గరికి వచ్చి తన ఇబ్బంది చెప్పుకోగలిగిన నిరసనకు ఉన్న విలువ నాకు ఆ అరగంటలో అర్థమైంది. బావగారు అడిగిన నొప్పి అక్కడ ఎవరికీ కలగలేదు. కాని మా డిమాండు ముందుకంటే సరైనదిగా, అమలు చేయదగినదిగా మారింది.

కానిస్టేబుల్ కూడా ఒకసారి వచ్చారు. జిల్లాలో సభలను, ఊరేగింపులను నియంత్రించే 30 యాక్టు అమల్లో ఉందని, మైకు పెట్టవద్దని, రోడ్డు మీదికి రావద్దని మర్యాదగానే చెప్పి, ఇద్దరి ఫోన్ నంబర్లు రాసుకుని వెళ్లారు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఇచ్చినదే అయినా, 1861 నాటి పోలీసు చట్టంలోని సెక్షను పేరు వినగానే ఆ రోజు కొందరు ఆడవాళ్లు వెనక్కి జరిగారు. తర్వాతి నెల వాళ్లు మళ్లీ వచ్చారంటే, కూరగాయలకు పోతూ ఆగినట్లు ఆగగలిగే ఏర్పాటు ఉండటం ఒక కారణమని నా నమ్మకం. మొదటి అడుగులోనే అరెస్టుకు సిద్ధపడమంటే మా వీధిలో సగం మంది ఇంట్లోనే ఉండిపోతారు. అందుకు వాళ్లను పిరికివాళ్లు అనడానికి నాకు మనసొప్పదు. ఇంట్లో మంచం పట్టిన అత్త, పరీక్షలకు చదువుతున్న కొడుకు, నెలనెలా చిట్టీ కట్టవలసిన అప్పు ఉన్నవాళ్లు వాళ్లు.

ఈ నేల మీద జరిగినవి

ఇదంతా కొత్త సంగతి కూడా కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేసిన సంగతి ఇక్కడి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి విసిగిన జనం, నీటి కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపు మీద, 500 రూపాయల డిపాజిట్ కట్టి నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది, దేశమంతా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడింది. వాళ్లు రాయి విసరలేదు, బస్సు ఆపలేదు. ఎన్నికల ఆఫీసుకు వెళ్లి, ఒక కాగితం నింపి, డబ్బు కట్టి, రసీదు తీసుకున్నారు. కరెంటు బిల్లు కట్టి వచ్చినంత మామూలు పని అది. అటువంటి పని వందలమంది కలిసి చేస్తే ఎంత బలమో ఆ ఎన్నిక చూపించింది.

అయితే ఆ కథకు రెండో భాగం కూడా ఉంది. అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను జనరల్ అభ్యర్థులకు 10,000 రూపాయలకు పెంచారు. మామూలు మనిషి నడిచిన ఆ దారికి అలా తలుపు వేశారు. శాంతంగా, చట్టం లోపల చేసిన నిరసన కూడా అవతలివాళ్లకు నొప్పి కలిగించగలదని బావగారికి నేనిచ్చే జవాబులో ఇది మొదటిది. నొప్పి కలిగిన తర్వాత వాళ్లు ఊరుకోరన్నది నాకు నేను చెప్పుకునే హెచ్చరిక.

తెలంగాణ ఉద్యమంలో వంటావార్పు చూసినవాళ్లెవరూ నిరసనకూ ఇంటి పనికీ పొత్తు కుదరదని అనలేరు. 2011 జూన్ 19న హైదరాబాద్ రోడ్ల మీద పొయ్యిలు వెలిగించి వంట చేసిన రోజు ఆదివారమే. 2012 సెప్టెంబర్ 30న హుస్సేన్ సాగర్ తీరానికి జనం తరలివచ్చిన సాగరహారం కూడా ఆదివారమే. జాతీయ రహదారి మీద వంటావార్పు జరిగినప్పుడు కూరగాయలు తరిగిన చేతులు, బియ్యం కడిగిన చేతులు అంతకు ముందు ఏ సభలోనూ వేదిక ఎక్కినవి కావు. బతుకమ్మను నడిరోడ్డు మీద పేర్చి ఆడినప్పుడు కూడా అంతే. పండుగ, వంట, పాట ఆ ఉద్యమంలోకి వచ్చాకే అది ప్రతి ఇంటి ఉద్యమం అయిందని నేను అనుకుంటాను.

ఇక్కడ బావగారు వెంటనే గుర్తుచేసేది ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అదే 2011లో సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. ఆర్టీసీ బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, సింగరేణి బొగ్గు ఆగింది, ఉద్యోగులు జీతాలు వదులుకున్నారు. బావగారు అప్పుడు అందులో ఉన్నారు. పండుగలాంటి నిరసన జనాన్ని పోగుచేస్తుంది గాని ప్రభుత్వాన్ని కదిలించేది పని ఆపడమేనని ఆయన వాదన. రాష్ట్రమంత పెద్ద కోరికకు ఆ వాదన సరైనదేనని నేను ఒప్పుకుంటాను. కాని ఆ సమ్మె కూడా ఖాళీ నేల మీద మొలవలేదు. అంతకు ముందు నెలల తరబడి ఊరూరా టెంటు వేసి కూర్చున్న రిలే దీక్షలు ఉన్నాయి. వాటిలో రోజుకు కొందరు వంతుల వారీగా కూర్చుని, సాయంత్రం ఇంటికి వెళ్లి పశువులకు గడ్డి వేసుకునేవారు. ఆ వంతులు లేకుండా 42 రోజుల ఓర్పు ఎక్కడి నుంచి వచ్చేది?

తీరని సందేహాలు

వీటన్నిటి తర్వాత కూడా రెండు సందేహాలు నన్ను ఇబ్బంది పెడుతూనే ఉన్నాయి.

మొదటిది, ఆదివారం అందరికీ సెలవు కాదు. జీతం మీద బతికే నాలాంటివాడికి అది తీరిక రోజు. ఇడ్లీ బండి నడిపే అక్కకు వారంలో అన్నిటికంటే ఎక్కువ గిరాకీ ఉండే రోజు. మటన్ దుకాణం, కూరగాయల మార్కెట్, మంగలి దుకాణం, కల్లు దుకాణం అన్నిటికీ అదే. ఆ ఇడ్లీ బండి అక్క ఇల్లు కుంటకు అందరికంటే దగ్గర. ఆమె బోరు మొన్నటి ఎండల్లో ఎండిపోయింది. ఒక ఆదివారం బండి సర్దుకుని పదిన్నరకు వచ్చేసరికి కట్ట మీద ఎవరూ లేరు. తర్వాత నన్ను చూసినప్పుడు ఆమె అన్న మాట: "మీరు పోయినంక వచ్చిన సార్. నా కోసం జెర ఆగకపోతిరి?" అందులో నిష్ఠూరం లేదు, నిజంగానే అడిగింది. కుంట వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయే మనిషి, కుంట కోసం జరిగే నిరసనలో లేకపోవడం చిన్న విషయంగా నేను చూడలేను. ఎవరి తీరికను బట్టి వేళ పెట్టుకున్నామో, వాళ్ల నిరసనగానే అది మిగిలిపోతుంది.

రెండోది ఇంకా బరువైనది. హాయిగా ఉండటం అలవాటైతే, అది చాలనిపించే ప్రమాదం ఉంది. ఫొటోలు దిగి, గ్రూపులో పెట్టి, నెల గడిచి, మళ్లీ ఫొటోలు దిగి, ఈ లోపల కుంటలో ఇంకో పది ట్రాక్టర్ల మట్టి పడితే, మా నిలబడటం ఆ మట్టికి సాక్ష్యంగా ఉంటుందే తప్ప అడ్డుగా ఉండదు. ఫ్లోరైడ్ బాధితులు ఏళ్ల తరబడి తమ వంకర కాళ్లతో కలెక్టరేట్ల దాకా వెళ్లిన జిల్లా ఇది. వాళ్ల నిరసనలో హాయి అన్నది ఏ క్షణాన లేదు. వాళ్లకు ఇంటికి వెళ్లాక కూడా అదే నొప్పి. వాళ్లను తలచుకున్నప్పుడు, చాయ్ తాగుతూ నిలబడే మా ఉదయాన్ని అదే పేరుతో పిలవవచ్చా అనే ప్రశ్న నన్ను కుదిపేస్తుంది.

ఈ రెండింటిలో మొదటిదానికి చేయగలిగింది ఉంది, చేశాం కూడా. వేళను సాయంత్రం నాలుగున్నరకు మార్చాం. అప్పటికి ఇడ్లీ బండి, మటన్ దుకాణం రెండూ మూసి ఉంటాయి, మార్కెట్లో గిరాకీ తగ్గుతుంది. పొద్దున చలిలో రాలేని ముసలివాళ్లకు కూడా ఇది నయం. కూరగాయల సంచీ తెచ్చుకునేవాళ్లు ఎప్పటిలాగే తెచ్చుకుంటారు, అందులో మార్పు ఉండకూడదనే నా కోరిక.

రెండోదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక హద్దు మాత్రం పెట్టుకున్నాం. వచ్చే వానాకాలం లోపల ఎఫ్‌టీఎల్ హద్దురాళ్లు పాతకపోతే, మట్టికి వేరే చోటు చూపకపోతే, రాత్రిపూట కాపలా మొదలుపెట్టాలని, ట్రాక్టరు వస్తే దాని ముందు నిలబడాలని అనుకున్నాం. అది హాయిగా ఉండదు, కేసులు కావచ్చు, అప్పుడు మాలో కొందరు రాకపోవచ్చు. కాని అప్పటికి ఆ ట్రాక్టరు కుర్రవాడి పేరు మాకు తెలిసి ఉంటుంది, మా పేర్లు అతడికి తెలిసి ఉంటాయి. ఆ రాత్రి ఎదురుపడేది ముక్కూమొహం తెలియని మనుషులు కారు. బావగారిని కూడా పిలిచాను. కాపలా పెట్టుకుంటే వస్తాను, కట్ట మీద చాయ్‌కి మాత్రం రానన్నారు. రెండింటికీ రావాలని నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఈలోగా సోమవారాల సంగతి కూడా తేల్చుకున్నాం. నెలలో ఒక ప్రజావాణికి ఇద్దరు చొప్పున వెళ్లాలి. అర్జీలో మూడు కోరికలు, కిందటి అర్జీకి ఇచ్చిన రసీదు నకలు, కుంట మూల పూడిన చోటి ఫొటో ఉండాలి. కూలి పోగొట్టుకుని వెళ్లేవాళ్లకు ఆ రోజు కూలి కాలనీ చందాల నుంచి ఇవ్వాలి. రాబోయే సోమవారం లైన్‌మన్ పెద్దాయనతో పాటు ఇడ్లీ బండి అక్క వెళ్తోంది.